కుర్చీలు జరిపే ఇల్లు

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా నరసాపురంలో ప్రతివాళ్ళూ అడుగుతున్నది ఒకటే. చార్మినార్ ఎక్కావా, గోల్కొండ చూశావా, ముత్యాలు కొన్నావా అని. ఎక్కలేదు, చూడలేదు, కొనలేదు. ఉన్న వారం రోజులూ ఊరవతల కొత్తగూడ అనే చోట బండరాళ్ళ మధ్య గడిపాం. ఈ మాట విని మా బళ్ళో తోటి పంతులమ్మలు, "బండలు చూడ్డానికి అంత దూరం వెళ్ళావా రాజ్యం?" అని నవ్వారు. నవ్వితే నవ్వారు. వెళ్ళనివాళ్ళ కోసమే యాత్రా కథలు రాస్తారు కాబట్టి నేనూ రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా అన్నయ్య కూతురు హైమకు పుట్టుకతోనే చూపు లేదు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ఆపరేషన్లతో బాగయ్యేది కాదని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. అయినా వాళ్ళింట్లో దాన్ని చూసినవాళ్ళెవరూ ఆ సంగతి నమ్మరు. వీధి అరుగు నుంచి పెరట్లో నూతి దాకా చెయ్యి చాచకుండా, తడుముకోకుండా తిరిగేస్తుంది. దీని వెనక ఉన్నది మా వదిన సత్యవతి. ఆ ఇంట్లో ఏ వస్తువూ తన చోటు నుంచి అంగుళం కదలదు. మా నాన్నగారి మడత కుర్చీ కిటికీ పక్కన, బియ్యం డబ్బా తలుపు మూల, మంచినీళ్ళ బిందె గట్టు మీద. చుట్టాలు కుర్చీ లాక్కుని కూర్చుంటే, వాళ్ళింకా చెప్పుల్లో కాళ్ళు పెట్టకముందే వదిన దాన్ని మళ్ళీ గోడకు ఆనించేస్తుంది. నేను పుట్టిన ఇంట్లో నేనే ఓ చెంబు తీసి ఇష్టమొచ్చిన చోట పెట్టడానికి లేదు. ఆడపడుచునన్న దర్జా అన్ని విషయాల్లోనూ చెల్లింది గానీ ఇందులో చెల్లలేదు.

ఐదో తరగతి దాకా హైమ మా బళ్ళోనే చదివింది. బడి వాళ్ళింటి ఎదురే. వదిన లేసు అల్లుకుంటూ తరగతి బయట వరండాలో కూర్చునేది. ఇప్పుడిక హైస్కూలుకు వెళ్ళాలి. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ మంచావిడే. "పిల్లని చేర్చుకుంటాను. కానీ తనంతట తాను తిరగగలగాలి. తల్లి వరండాలో కూర్చుంటానంటే ఇక్కడ కుదరదు" అన్నారు. ఆ ఒక్క మాటతో వదిన, "అయితే దాని చదువు ఇంతటితో చాలు" అని తేల్చేసింది. ఆ రోజు నుంచీ హైమ తల్లితో మాటలు తగ్గించేసింది. అడిగిందానికి ఊ కొట్టడమే తప్ప తనంతట తాను పలికేది కాదు.

కొత్తగూడలో ఒక ఇల్లుందని మాకు కళ్ళ డాక్టరు గారు చెప్పారు. దాతల డబ్బుతో నడుస్తుంది. చూపు లేని పిల్లల్నీ వాళ్ళ ఇంటివాళ్ళనీ కలిపి వారం రోజులు ఉంచుకుని నేర్పిస్తారు. ఆ తర్వాత పిల్ల బడికి బ్రెయిలీ పుస్తకాలూ పాఠాల క్యాసెట్లూ పంపుతారు, నెలకోసారి టీచరును పంపుతారు. వాళ్ళు పైసా అడగరు. పిల్లని ఒంటరిగా నడవనిస్తామని ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి, అంతే. అన్నయ్యకు బ్యాంకులో సెలవు దొరకలేదు. వదినను బయల్దేరదీసే పుణ్యం నాకు దక్కింది.

రైల్లో ఆవకాయ

మా పెట్టెలో సగం మంది కుర్రాళ్ళే, అందరూ కంప్యూటర్ నేర్చుకోవడానికి అమీర్‌పేట వెళ్తున్నవాళ్ళే. ఒకప్పుడు కాశీకి ఇలా కట్టకట్టుకుని వెళ్ళేవారట. నా పక్కన కూర్చున్న పాలకొల్లు అమ్మాయి, "హైదరాబాద్‌లో ఎక్కడికండి?" అని అడిగింది. కొత్తగూడ అన్నాను. "అబ్బో, హైటెక్ సిటీ పక్కనేనండి. ఉద్యోగమా అండి?" అంది. నా జరీ అంచు చీర, చేతిలో ఆవకాయ జాడీ చూసి కూడా అలా అడిగిందంటే ఈ రోజుల్లో కంప్యూటర్ మీద జనానికి ఎంత నమ్మకమో మీరే ఆలోచించండి.

ఆవకాయ జాడీ సంగతి చెప్పకూడదనుకున్నాను గానీ దాచేదేముంది. ఊరికే తిండి పెడుతున్నారు కదా, ఉత్త చేతుల్తో ఎలా వెళ్తామని పట్టుకెళ్ళాను. తెల్లారేసరికి నూనె ఊరి నా చీర కుచ్చిళ్ళకు మహత్తరమైన అంచు వేసింది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బయల్దేరాక ఆమె నవ్వడం అదే మొదలు కాబట్టి చీర పోతే పోయిందనుకున్నాను.

ఆటోలో

స్టేషన్ బయట ఆటో అతన్ని కొత్తగూడ వస్తావా అంటే నవ్వాడు. "కొత్తగూడనా? ఆడ ఏమున్నదమ్మా, రాళ్ళు తప్ప? మీటర్ మీద డబల్ ఇయ్యాలె. వాపస్ గిరాకీ దొరకది."

"ఆ డబ్బుతో మా ఊరి నుంచి భీమవరం వెళ్ళి రావచ్చు" అంది వదిన.

"గట్లయితే భీమవరమే పోయి రాండ్రి" అన్నాడు.

ఇలాంటివాడి ఆటో ఎక్కడమేమిటని నేను గొణుగుతూనే ఎక్కాను. వదిన హైమను చెయ్యి పట్టి ఎక్కించడం అతను చూశాడు. ఆటో కదిలాక దారి పొడుగునా మెడ వెనక్కి తిప్పి హైమతోనే మాట్లాడాడు. "బిడ్డా, ఇప్పుడు ఎడమ దిక్కు చెరువున్నది, సల్లగాలి తల్గుతున్నదా? ... ఇది ఎత్తు, జర గట్టిగ వట్టుకో ... ఇగ ఈడికెళ్ళి రాళ్ళు షురూ." హైమ ఊపిరి బిగబట్టి వింది. మేము చూడని బజార్లన్నీ ఆ పిల్ల ఆ రోజు వినేసింది. దిగేటప్పుడు ఏమైనా తగ్గిస్తాడేమోనని ఆశపడ్డాను. రూపాయి తగ్గించలేదు. మాట మాటే, కిరాయి కిరాయే.

కొత్తగూడ

అన్ని బండరాళ్ళు ఒక్కచోట నేను ఎన్నడూ చూడలేదు. మా గోదావరి జిల్లాలో పిల్లాడు విసరడానికి రాయి కావాలంటే రైలు పట్టాల దాకా వెళ్ళాలి. ఇక్కడ ఇళ్ళంత రాళ్ళు, ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేటట్టు. వాటి మధ్య నుంచి దూరంగా కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడ కనిపిస్తుంది. రోడ్లు వెయ్యడానికీ మేడలు కట్టడానికీ రోజూ ఎక్కడో ఒకచోట బండలు పేలుస్తూనే ఉన్నారు. ముందు ఈల వేస్తారు, ఎర్ర జెండా ఊపుతారు, ఆ తర్వాత నేల అదురుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టని మనకు సామెత. వీళ్ళు కొండను తవ్వి కంప్యూటర్లు పడుతున్నారు.

మేం దిగిన ఇల్లు పెద్ద ప్రహరీలో ఉన్న పాత పెంకుటిల్లు. నడిపేది సరళ గారు. వరంగల్ మనిషి. ఆవిడ కొడుక్కీ చూపు లేదు. ఇప్పుడతను వరంగల్‌లోనే టెలిఫోన్ ఆపరేటరు. ఆవిడ గుమ్మంలోనే వదినను వదిలేసి హైమతో మాట కలిపారు. "నీ పేరు నువ్వే చెప్పాలె బిడ్డా, మీ అమ్మ చెప్తే నేను ఇనను" అన్నారు. హైమ చెప్పింది. వదిన చెప్పడానికి తెరిచిన నోరు మూసుకుంది.

మధ్యాహ్నం అన్నంలోకి పచ్చిపులుసు పోశారు. నోట్లో పెట్టుకోగానే నేనూ వదినా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పాపం, పొయ్యి మీద పెట్టడం మరిచిపోయారేమో అనుకున్నాం. అది అలాగే చేస్తారని, పేరులోనే ఉందని తర్వాత తెలిసింది. మూడో రోజుకల్లా నేను దాన్ని గ్లాసులో పోయించుకుని తాగడం మొదలుపెట్టాను. మా ఆవకాయ మాత్రం మొదటి రోజే సగమైపోయింది. దాని ముందు ఎవరి ప్రాంతాభిమానమూ నిలవలేదు.

జరుపుడు

మాతోపాటు ఇంకొన్ని కుటుంబాలున్నాయి. జహీరాబాద్ నుంచి ఒక తాపీమేస్త్రీ, ఆయన కూతురు లలిత మా పక్క గదిలో ఉండేవారు. లలితది హైమ ఈడే, అప్పటికే ఒకసారి ఆ ఇంటికి వచ్చి వెళ్ళిన పిల్ల. హాలు నిండా ఆఫీసులవాళ్ళు ఇచ్చేసిన పాత సామాను. చక్రాల కుర్చీలు, ఇనప అల్మారాలు, పొడుగు బల్లలు. సాయంత్రాలు పిల్లలు చక్రాల కుర్చీల్లో ఒకరినొకరు తిప్పుకుంటూ చేసే గోల చూస్తే దానం చేసిన ఆఫీసులవాళ్ళు మురిసిపోదురు.

రెండో రోజు పొద్దున్న హైమ గదిలోంచి హాల్లోకి వచ్చింది. ముందు రోజే వదిన చెయ్యి పట్టుకుని రెండు మూడుసార్లు తిప్పింది కాబట్టి హాలంతా దాని బుర్రలో ఉంది. మా ఇంట్లో నడిచినట్టే నడిచింది. ఉన్నట్టుండి చక్రాల కుర్చీకి తగిలి, కుర్చీ జారి, దానితోపాటు తనూ కింద పడింది. ఆ కుర్చీ ముందు రోజు అక్కడ లేదు.

వదిన పరుగెత్తింది. సరళ గారు వచ్చి, "దెబ్బ తల్గిందా బిడ్డా?" అని హైమను అడిగి, లేదన్నాక వదినకు చెప్పారు. "ఈ ఇంట్ల ఇదొక కాయిదా అమ్మా. పొద్దుగాల ఎవలో ఒక తల్లో తండ్రో లేచి హాల్ల ఒక సామాను జరపాలె. మేం జరుపుడు అంటం. ఏం జరిపిన్రో పిల్లలకు ముందుగాల చెప్పద్దు. పిల్లలు అడిగితే మాత్రం ఎవలైనా సరే చెప్పాలె. అడగకుంటే ఊకోవాలె."

"కళ్ళు లేని పిల్లలతో ఆటలాండి?" అంది వదిన. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుందని నాకూ అనిపించింది.

"ఆట గాదమ్మా. బయట జూడుండ్రి. పొద్దున ఉన్న బాట మాపటికి ఉంటలేదు. పోయిన ఎండాకాలం మా పిల్ల ఒకతి బండను గుర్తు వెట్టుకొని పోయింది. ఆ బండను పేల్చిన్రు. పాపం, ఎండల ఆడనే నిలవడ్డది. అడగాలని తెల్వలే ఆమెకు. గప్పటిసంది వెట్టినం ఈ జరుపుడు."

లలిత గదిలోంచి వస్తూనే, "ఇయ్యాల ఏం జరిపిన్రు?" అని గట్టిగా అరిచింది. ఎవరో చెప్పారు. కర్రతో తడుముకుని చుట్టూ తిరిగి ఉప్మా దగ్గరికి వచ్చేసింది. హైమ మాత్రం ఆ రోజూ మరునాడూ ఎవర్నీ అడగలేదు. తగిలితే తగిలింది గానీ నోరు విప్పలేదు. దాని పౌరుషం నాకు తెలుసు. మా ఇంట్లో అన్నీ తెలిసిన పిల్ల అది. అడగడమంటే తెలియదని ఒప్పుకోవడమే దాని లెక్కలో.

నర్సమ్మ చాయ్

ఆదివారం తప్ప రోజూ సాయంత్రం పిల్లలకు తెల్ల కర్రతో నడక నేర్పేవారు. ఇంటి గేటు నుంచి మట్టి దారిన నర్సమ్మ చాయ్ హోటల్ దాకా. దారి మధ్యలో ఒక పెద్ద రాయి ఉంది. ఏనుగు పడుకున్నట్టు ఉంటుందని అందరూ ఏనుగు గుండు అంటారు. అక్కడ గుండంటే బండరాయి. దానికి ఒకవైపు తొండంలాంటి వంపు కూడా ఉంది. పిల్లలు దాన్ని తడిమి ఎడమకు తిరిగితే నర్సమ్మ కిరసనాయిలు స్టవ్వు చప్పుడు వినబడుతుంది. హైమ మొదటి సాయంత్రమే ఆ దారి నేర్చేసుకుంది. ఏనుగు తొండం మీద చెంప ఆనించి, "వేడిగా ఉంది అత్తా, జ్వరమొచ్చినట్టు" అంది.

నర్సమ్మది కొత్తగూడే. నేను చాయ్ ధర అడిగి, మా ఊరికన్నా అర్ధరూపాయి ఎక్కువని గొణిగాను. "మీ ఊర్ల పాలుంటయి, మా ఊర్ల ప్లాట్లున్నయి" అంది ఆవిడ. వాళ్ళ మేకలు ఎండాకాలంలో ఏనుగు గుండు నీడనే పడుకునేవట. ఇప్పుడు మేకలూ లేవు, మేసే చోటూ లేదు. బాధగా లేదా అని అడిగాను. "ఉంటది గదమ్మా. గని కూసుండి ఏడిస్తే చాయ్ ఎవలు వెడ్తరు? మా బిడ్డ గా అద్దాల మేడల ఊడ్వ పోతున్నది. ఇంగ్లీషు నేర్చుకుంటున్నది, జర జర" అంది. నాకు తెలియకుండానే ఇంకో చాయ్ చెప్పాను.

వదిన చేసిన పని

నాలుగో రోజు తెల్లారుతూనే జరుపుడు లలిత తండ్రిది. ఆయన గోడ పక్కనున్న పొడుగు బల్లను హాలు మధ్యలోకి లాగాడు. లలిత అందరికన్నా ముందే లేచి, అడిగి తెలుసుకుని, ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. ఈలోగా మా వదిన లేచింది. హాలు మధ్యలో బల్లను చూసింది. చుట్టూ ఎవరూ లేరు. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే చేసింది. బల్లను మెల్లగా లాగి మళ్ళీ గోడకు ఆనించేసింది.

లలిత తిరిగొచ్చింది. బల్ల మధ్యలో ఉందన్న ధైర్యంతో గోడ వారగా చకచకా నడిచి దాని అంచుకు మోకాలు కొట్టుకుంది. "అబ్బ" అని కూలబడి, "మళ్ళ ఎవలు జరిపిన్రు?" అని అడిగింది.

వదిన లలిత దగ్గరికి వెళ్ళింది. "నేనేనమ్మా" అంది.

"జరిపితే జరిపిన్రు, చెప్పాలె గద పెద్దమ్మా" అంది లలిత, మోకాలు రుద్దుకుంటూ. తిట్టలేదు, నవ్వింది కూడా. ఆ నవ్వుకు వదిన తట్టుకోలేకపోయింది. వంటింటి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. సరళ గారు వచ్చి పక్కన కూర్చున్నారు.

అప్పుడు చెప్పింది వదిన. నాకు తెలియని సంగతి. హైమకు కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉంది. చిన్నప్పుడు మంచినీళ్ళ బిందె తగిలి పడిందనీ, పనిమనిషి దాన్ని దారిలో పెట్టిందనీ ఇన్నేళ్ళూ అనుకున్నాం. "ఆ బిందె పెట్టింది నేనేనండి. నీళ్ళు మోసుకొచ్చి చెయ్యి నొప్పెట్టి ఒక్క క్షణం దించాను. రక్తం చూసి అత్తయ్యగారు ఎవరు పెట్టారని అరిస్తే నోరు రాలేదు. ఆ రోజు నుంచీ ఏదీ కదలనివ్వలేదు." కుర్చీలు సర్దుతుందని ఆమెను ఎన్నిసార్లు ఆటపట్టించానో.

సరళ గారు వదినకు మంచినీళ్ళిచ్చారు. తర్వాత, "రేపటి జరుపుడు మీరు చెయ్యుండ్రి" అన్నారు.

"నా చేత్తో నా పిల్లకి అడ్డం పెట్టలేనండి. ఈ ఒక్కటీ అడక్కండి."

"బలిమి లేదమ్మా. గని మీ చెయ్యి రాకుంటే మేం పుస్తకాలు పంపినా అవి మీ ఇంట్లనే ఉంటయి. బిడ్డ కూడా ఇంట్లనే ఉంటది."

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదండి" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇంట్ల ఎప్పుడో గెలిచింది మీ బిడ్డ" అన్నారు సరళ గారు.

క్యాసెట్లో పేలుడు

ఆదివారం హైటెక్ సిటీ ఆఫీసుల నుంచి కుర్రాళ్ళు వచ్చారు. పిల్లల పాఠాలు చదివి టేపులో ఎక్కించడం వాళ్ళ పని. భీమవరం కుర్రాడొకడు మా యాస విని మా దగ్గరే అతుక్కుపోయాడు. "వీక్ అంతా ప్రోగ్రామింగేనండి. తెలుగులో నాలుగు పేజీలు గట్టిగా చదివితే మైండ్ రిలాక్స్ అవుద్దండి" అన్నాడు. అతను ఒత్తులన్నీ మింగేసి చదువుతుంటే ప్రాణం ఒప్పక, "ఇలా ఇవ్వు బాబూ" అని ఆరో తరగతి సాంఘిక శాస్త్రం నేను లాక్కున్నాను. ఆ చదువు హైమకు అక్కరకొస్తుందో లేదో తెలియదు. వదిన మనసు మారలేదు. అయినా నా వంతు నేను చదవాలి కదా.

నదులూ పంటలూ అయ్యాయి. నేను మంచి ఊపులో ఉన్నాను. బయట ఈల వినబడింది గానీ పట్టించుకోలేదు. ఒక్కసారి ఢామ్మని, కిటికీ రెక్కలు కొట్టుకునేంత పేలుడు. "ఓరి నాయనో" అని నేను పెట్టిన కేక కూడా టేపులోకి ఎక్కింది. మళ్ళీ చదువుతానంటే పిల్లలు ఒప్పుకోలేదు. ఆ క్యాసెట్ అలాగే ఉండాలని పట్టుబట్టారు. కృష్ణా డెల్టాలో వరి పండును, ఢామ్, ఓరి నాయనో. ఇదీ నా స్వరంలో భూగోళం.

గుండు లేదు

మరునాడు చివరి రోజు. పిల్లలు ఒక్కొక్కరే గేటు నుంచి నర్సమ్మ హోటల్ దాకా ఒంటరిగా వెళ్ళాలి. పెద్దవాళ్ళు వెనక దూరంగా రావచ్చు, మాట్లాడకూడదు. హైమ వంతు వచ్చింది. తెల్ల కర్ర ఊపుకుంటూ బాగానే నడిచింది. మేం నలభై యాభై అడుగుల వెనక. వదిన చేతిలో ఎప్పటిలా లేసు సూదీ దారమూ ఉన్నాయి గానీ అల్లడం లేదు.

మలుపు తిరిగాం. ఏనుగు గుండు లేదు. అది ఉన్నచోట తెల్లటి రాళ్ళ ముక్కలూ పక్కన కంకర కుప్పా ఉన్నాయి. నా క్యాసెట్లో పేలింది అదేనని అప్పుడు తెలిసింది.

హైమ గుండు ఉండవలసిన చోటికి వచ్చి చెయ్యి చాచింది. గాలి తగిలింది. రెండడుగులు వేసి మళ్ళీ చాచింది. కర్రతో అటూ ఇటూ తట్టింది. రాళ్ళ ముక్కలు దొర్లాయి. ఆగిపోయింది. ఎండలో అలా నిలబడ్డ ఆ పిల్లను చూస్తుంటే సరళ గారు చెప్పిన వేరే పిల్ల కథ గుర్తొచ్చింది. వదిన ముందుకు అడుగేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. లేసు సూది నా అరచేతిలో గుచ్చుకుంది, వదల్లేదు. పిలవడానికి వదిన నోరు తెరిచింది.

అంతకన్నా ముందే హైమ గొంతు వినబడింది. "ఇక్కడెవరైనా ఉన్నారా అండి?"

కంకర ఎత్తుతున్న ఒక కూలీమనిషి తట్ట దించింది. "ఉన్న బిడ్డా. ఏం గావాలె?"

"ఇక్కడ ఏనుగు గుండు ఉండాలండి. నేను దారి తప్పానా, అది తప్పిందా?"

ఆవిడ నవ్వింది. "నువ్వు మంచిగనే వచ్చినవ్. దాన్నే నిన్న పేల్చిన్రు."

హైమ, పోయిన స్నేహితురాలి కబురు విన్నట్టు తల దించుకుంది. తర్వాత అడిగింది. "మరి నర్సమ్మ గారి హోటల్‌కి ఎలా వెళ్ళాలండి?"

"ఎడమ చెయ్యి దిక్కు తిరుగు. కంకర కుప్ప ఉంటది, దాని అంచు వట్టుకొనే పో. కుప్ప అయిపోయినంక స్టవ్వు సప్పుడు ఇనవడ్తది."

కర్ర కంకర అంచుకు తగులుతూ కరకరమని చప్పుడు చేస్తుంటే హైమ నడిచింది. మేం హోటల్‌కి చేరేసరికి నర్సమ్మ ఇచ్చిన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. "అమ్మా, గుండు లేదే. నేనే అడిగి వచ్చాను" అంది. ఇన్ని రోజుల తర్వాత తల్లితో తనంతట తాను మాట్లాడింది. వదిన దాని మొహానికంటిన రాతి దుమ్ము కొంగుతో తుడిచింది.

గుండు పోయిన సంగతి ముందే తెలుసా అని సరళ గారిని తర్వాత అడిగాను. "పొద్దుగాల తెల్సింది. చెప్పద్దనుకున్న" అన్నారు. కోప్పడదామనుకున్నాను గానీ కోపం రాలేదు.

బయల్దేరేటప్పుడు ఆవిడ నా క్యాసెట్టూ తెల్ల కర్రా హైమ చేతికిచ్చారు. "పుస్తకాల సంగతి మీరు ఇంటికి వోయి, ఆలోచన చేసుకొని కబురు వెట్టుండ్రి" అన్నారు వదినతో. వదిన తను అల్లిన లేసు గుడ్డ ఆవిడ చేతిలో పెట్టి దండం పెట్టింది. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. తిరుగు రైల్లో కూడా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను రెండుసార్లు కదిపి చూసి, లాభం లేదని పడుకున్నాను.

మళ్ళీ నరసాపురం

వచ్చిన మరునాడు పొద్దున్నే అన్నయ్య ఇంటికి కాఫీకి వెళ్ళాను. ఆ ఇంట్లో నాకూ కళ్ళతో పనిలేదు. గుమ్మం దాటి ఎప్పటిలా వంటింటి వైపు దూసుకెళ్ళాను. మోకాలు ఫెడీమని దేనికో తగిలింది. పడబోయి గోడ పట్టుకున్నాను. చూద్దును కదా, నాన్నగారి మడత కుర్చీ! కిటికీ పక్కన ఉండాల్సింది నడిమింట్లో ఉంది. బియ్యం డబ్బా రెండో గుమ్మం దగ్గరికి వచ్చింది. గట్టు మీద బిందె లేదు. పెరటి తలుపు పక్కన, సరిగ్గా దారిలో ఉంది.

హైమ పెరట్లోంచి కర్రతో బిందెను టంగుమని తట్టి, పక్కకు తప్పుకుని లోపలికి వచ్చింది. టేపు రికార్డరులో నా సాంఘిక శాస్త్రం నడుస్తోంది.

"దెబ్బ తగిలిందా అత్తా?"

"తగలదూ మరి. ఎవరే ఇది ఇక్కడ పెట్టింది?"

"అమ్మ. పొద్దున్నే లేచి జరిపింది. నన్ను అడగొచ్చు కదా" అంది.

వదిన వంటింట్లోంచి కాఫీ గ్లాసుతో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. "రాజ్యం, బడికి వెళ్తూ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పు. జూన్‌లో హైమ వస్తుందని. కొత్తగూడకి కబురు మీ అన్నయ్య పెడతారు."

"నువ్వే వచ్చి చెప్పరాదూ?"

"నేనొస్తే మళ్ళీ ఆ వరండాలో కూర్చుంటాను" అంది వదిన.

టేపులో ఢామ్మని గుండు పేలింది. హైమ నవ్వింది. వేడి గ్లాసు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నేను నడిమింట్లో అలాగే నిలబడ్డాను. చివరికి హైమనే అడిగాను.